వెనక అద్దం మీద నాన్నగారి పేరు: ఎలా వేయించాలి?

ప్రశ్న: పర్లాకిమిడిలో ఉంటాం. నాన్నగారి జ్ఞాపకార్థం కారు వెనక అద్దం మీద ఫొటో, పేరు, జనన మరణ సంవత్సరాలు వేయిద్దామని. పేరు తెలుగులో, కింద ఒడియాలో. అద్దానికి డీఫాగర్ గీతలున్నాయి (అద్దం మీద ఆవిరి పోగొట్టే వేడి తీగలు). ఏం చూసుకోవాలి?

జవాబు: ఫొటో వద్దు తమ్ముడూ. ఎండకు ముఖం వెలిసిపోతుంది, ఇంట్లోవాళ్లకు అది చూడ్డం ఇంకా కష్టం. పైగా కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం వెనక అద్దంలోంచి 70 శాతం వెలుతురు రావాలి. తెల్ల వినైల్ (స్టిక్కర్ షీటు) నుంచి కోసిన అక్షరాలు చాలు, కింది మూలన. నంబరు ప్లేటు మీద మాత్రం ఏమీ అంటించొద్దు.

జవాబు: అసలు చిక్కు ఒత్తులతో. షాపు కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేకపోతే "కృష్ణ"లో ణ ఒత్తు విడిపోయి పక్కకు పడుతుంది. ఆపరేటరుకు తెలుగు రాకపోతే కనిపెట్టలేడు. అక్షరాలను కర్వ్స్‌గా అంటే ఫాంటు అవసరం లేని బొమ్మలుగా, మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి. అక్షరాల గీతలు ఒకదానిమీదొకటి పడే చోట వెల్డ్ చేయమనండి, అంటే ఒకే ఆకారంగా కలపమనండి, లేకపోతే బ్లేడు అక్కడ కూడా కోస్తుంది. అక్షరం అంగుళన్నర కంటే చిన్నదైతే చుట్టూ మిగిలిన చెత్త వినైల్ పీకేటప్పుడు ఒత్తులు కూడా లేచొస్తాయి. ఒడియా వరుస ఆ భాష చదవడం వచ్చినవాళ్లకు చూపించాకే కోయించండి.

జవాబు: బయటివైపే అంటించండి, డీఫాగర్ గీతలు లోపలివైపుంటాయి. అరలీటరు నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి చల్లి, మధ్యనుంచి అంచులకు స్క్వీజీ పట్టీతో నీరు తోసేయాలి. ట్రాన్స్‌ఫర్ టేపు (అక్షరాలను అద్దం మీదికి చేర్చే పై పొర) తొందరపడి లాగితే అక్షరాలు లేస్తాయి. ఆరనిచ్చి, అద్దానికి ఆనించినట్టే వెనక్కి మడుస్తూ తీయండి.