డిఫెండర్ కదులుతూ ఉంటే బ్లాకింగేనా?

గుంటూరు కోచ్:
నమస్కారమండీ. ఒక స్కూల్లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీమ్‌ని చూసుకుంటున్నాను. మొన్న అండర్-17 మ్యాచ్‌లో జరిగింది చెప్తాను, తెలిసినవాళ్లు తేల్చండి.

అవతలి టీమ్ గార్డ్ (బంతి నడిపించే ప్లేయర్) కుడిచేత్తో డ్రిబుల్ చేసుకుంటూ వస్తోంది. మా అమ్మాయి త్రీ పాయింట్ లైన్ లోపల ఆమెకి ఎదురుగా నిలబడింది, రెండు కాళ్లూ నేల మీదే. ఆ గార్డ్ పక్కనుంచి పోదామని చూస్తే మా అమ్మాయి కూడా పక్కకి రెండడుగులు జరిగింది. అక్కడ గుద్దుకున్నారు. దెబ్బ నిండుగా ఛాతీ మీద తగిలి మా అమ్మాయి వెల్లకిలా పడింది. రెఫరీ బ్లాకింగ్ ఇచ్చారు, అంటే దారికి అడ్డొచ్చిందని మా అమ్మాయి మీదే ఫౌల్. ఆ క్వార్టర్‌లో మా టీమ్ ఫౌల్స్ అప్పటికే నాలుగు, కాబట్టి వాళ్లకి రెండు ఫ్రీ త్రోలు. మా అమ్మాయికి అది ఐదో ఫౌల్, బెంచికి వచ్చేసింది.

కారణం అడిగితే "ఇంకా కదులుతూనే ఉంది, ఒక కాలు గాల్లో ఉంది" అన్నారు. గాల్లో ఉన్న మాట నిజమే, వీడియోలో కనిపిస్తోంది. ఢీకొట్టే క్షణానికి రెండు కాళ్లూ నేల మీదే ఉండాలా? ఇంకోటి, దెబ్బ తగిలే ముందు మా అమ్మాయి భుజం కొంచెం తిప్పింది. అదీ తప్పేనా?

పాత విజిల్:
కోచ్ గారూ, మీరు చెప్పినట్టే జరిగితే అది ఛార్జింగ్, అంటే బంతి ఉన్న ప్లేయరే వచ్చి గుద్దిన ఫౌల్. ఫ్రీ త్రోలు లేకుండా బంతి మీకు రావాలి.

నేను చాలా ఏళ్లు విజిల్ వేశాను. "కదిలింది కదా, బ్లాకింగ్!" అన్న కేక వినని గ్రౌండ్ లేదు. ప్రేక్షకులు అంటే సర్లే అనుకోవచ్చు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ బుక్ 33వ ఆర్టికల్ తీయండి. రెండు కాళ్లూ నేల మీద ఉండాలి, ముఖం ఎదుటి ప్లేయర్ వైపు ఉండాలి అన్న షరతు మొదట ఎదురు నిలబడి అడ్డుకునే పొజిషన్ తీసుకునేటప్పటిదే. ఒకసారి తీసుకున్నాక దాన్ని నిలబెట్టుకోవడానికి పక్కకి జరగొచ్చు, వెనక్కి జరగొచ్చు, ఉన్నచోటే నిటారుగా ఎగరొచ్చు. జరిగేటప్పుడు ఒక కాలు కాదు, రెండు కాళ్లూ క్షణంసేపు గాల్లో ఉన్నా పర్వాలేదని స్పష్టంగా రాసుంది. అసలు కాలు ఎత్తకుండా పక్కకి జరిగేదెలా? డిఫెండర్‌ని స్తంభంలా నిలబడమనడమే అవుతుంది.

కూడనిది ఒకటే, బంతి ఉన్న ప్లేయర్ మీదికి వెళ్లడం. పక్కకి జరుగుతున్నట్టే ఉండి అరడుగు ముందుకి వచ్చినా బ్లాకింగే. అందుకే నేనైతే కాళ్లు గాల్లో ఉన్నాయా లేదా అని కాకుండా, ఎటు వెళ్తున్నాయి, దెబ్బ ఎక్కడ తగిలింది అని చూసేవాణ్ణి. ఛాతీ మీద, అంటే మొండెం మీద తగిలితే ఆ చోటికి డిఫెండరే ముందు చేరినట్టు లెక్క. తుంటి మీదో మోకాలి మీదో తగిలిందంటే ఆమె ఆలస్యంగా వచ్చిందన్నమాట. చెయ్యి చాపి, కాలు అడ్డం పెట్టి ఆపడం కూడా కుదరదు. ఒళ్లు ముందు చేరాలి గానీ, బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు నాదంటే ఇక్కడ చెల్లదు.

భుజం తిప్పడం గురించి బెంగ వద్దు. దెబ్బ తట్టుకోవడానికి తన సిలిండర్ లోపల, అంటే తను నిలబడ్డ చోటు మేరకి, తిరగొచ్చని రూలే చెప్తోంది. పసిపిల్లలు పక్కటెముకలు విరగ్గొట్టుకోవాలా ఏంటి.

డాలస్ నాన్న:
మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్ టీమ్‌లో ఆడతాడు. అమెరికాలో చాలా హైస్కూళ్లు పాటించే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ రూల్స్ కూడా దాదాపు ఇదే అంటాయి. పొజిషన్ వచ్చాక ఎదుటివాడి వైపు ముఖం ఉండాల్సిన పని కూడా లేదు. కాకపోతే డ్రిబ్లర్ తల, భుజాలు డిఫెండర్‌ని దాటి ముందుకి వెళ్లిపోయాక తగిలితే బాధ్యత ఎక్కువగా డిఫెండర్‌దే. వీడియోలో అదొకటి చూడండి. ఇక్కడి పేరెంట్స్ కూడా "షీ వజ్ మూవింగ్!" అని అరుస్తూనే ఉంటారు లెండి.

లెఫ్ట్ హ్యాండ్ లే-అప్:
అందరూ డిఫెన్స్ పక్షమే ఉన్నారు. నేను లోపలికి దూసుకెళ్లి ఆడేవాణ్ణి, నా బాధ కూడా వినండి. ఎగిరాక కింద ఎవడో వచ్చి నిలబడతాడు, పైగా "నేను పక్కకే జరిగాను" అంటాడు. అప్పుడు కూడా ఛార్జింగేనా?

పాత విజిల్:
కాదు తమ్ముడూ, అది వేరే కథ. నువ్వు నేల వదిలాక నీ దారిలోకి రావడానికి ఎవరికీ హక్కు లేదు. ముందే వచ్చి నిలబడి ఉంటేనే ఆ చోటు వాడిది. ఎగిరినవాడి కాళ్ల కిందికి దూరడం మామూలు ఫౌల్‌తో పోయేది కాదు, సాధారణంగా అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ అనే పెద్ద ఫౌల్ ఇస్తారు. రింగ్ కింద 1.25 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం ఉంది చూడు, అందులో నిలబడి ఛార్జింగ్ కావాలన్నా రాదు, నువ్వు చేతులో మోకాలో అక్రమంగా వాడితే తప్ప. కోచ్ గారి సంగతి డ్రిబుల్‌లో ఉండగా జరిగింది కాబట్టి ఇవేవీ దానికి వర్తించవు.

బంతి చేతిలో ఉన్నవాడికి టైమ్, దూరం అనే లెక్క లేదని కూడా గుర్తుంచుకో. రెప్పపాటులో ఎవరైనా ఎదురు నిలబడొచ్చు, నువ్వే ఆగడానికి సిద్ధంగా ఉండాలి. బంతి లేకుండా పరిగెత్తేవాడికైతే కనీసం ఒక అడుగు వేసేంత దూరం వదలాలి.

గుంటూరు కోచ్:
వీడియో మళ్లీ ఆపి ఆపి చూశాను. తల, భుజాలు దాటలేదు, మా అమ్మాయి ముందుకీ రాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం వెనక్కే జరుగుతోంది. ఇప్పుడు చేసేదేం లేదని తెలుసు. ఇంకోసారి ఇలా అయితే అక్కడికక్కడ ఏం చెయ్యాలి?

పాత విజిల్:
మీరు బెంచి దగ్గర్నుంచి అరవకండి, టెక్నికల్ (ప్రవర్తన బాగోలేదని ఇచ్చే ఫౌల్) వస్తుంది. బంతి డెడ్ అయి, క్లాక్ ఆగి ఉన్నప్పుడు కెప్టెన్ మర్యాదగా వెళ్లి వివరం అడగొచ్చు, ఆ హక్కు ఉంది. "సార్, మా ప్లేయర్ ముందుకి వచ్చిందా?" అని అడగమనండి చాలు. కాలు సంగతి ఎత్తొద్దు. ఇచ్చిన ఫౌల్ మారదు గానీ, తర్వాతి ఢీ దగ్గర రెఫరీ కళ్లు ఎటు చూడాలో అటు చూస్తాయి.