రోల్‌ఫార్వర్డ్: ‘ముందుకు జరపడం’ అంటే ఏ వైపుకి?

పైథాన్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. పాండాస్‌లో (పట్టికలు, తేదీల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ) బిజినెస్ అవర్ అనే ఆఫ్‌సెట్ (సమయానికి కలిపే వ్యవధి) ఉంది కదా, దాన్ని పనివేళ అనాలా, పనిగంట అనాలా? పనివేళల బయట పడ్డ సమయాన్ని పనివేళకు చేర్చే రోల్‌ఫార్వర్డ్, రోల్‌బ్యాక్‌లకు ‘ముందుకు జరపడం, వెనక్కి జరపడం’ అని పెట్టాను. సరిపోతాయా అండి?

— రెండు మాటలూ కావాలండి. బ్యాంకు గుమ్మం దగ్గర బోర్డు మీద ఉండేవి పనివేళలు: ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు మూస్తారు. జీతం లెక్కలో వచ్చేవి పనిగంటలు. పాండాస్ ఈ రెండిటినీ ఒక్క పేరు కింద పెట్టేసింది. మనం ఏమీ చెప్పకపోతే సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. ఇవి పనివేళలు. కలిపే అంకె పనిగంటలు. శుక్రవారం సాయంత్రం 4:30కి ఒక పనిగంట కలిపితే సోమవారం ఉదయం 9:30 వస్తుంది.

అసలు పేచీ మీ రెండో ప్రశ్నతోనే. ‘ముందు రోజు’ అంటే గడిచిపోయింది, ‘ముందుముందు’ అంటే రాబోయేది. మా వైపు ‘ముహూర్తం ముందుకు జరిపారు’ అంటే అనుకున్నదానికన్నా త్వరగా పెట్టారని. శనివారం మధ్యాహ్నం 3 గంటలను రోల్‌ఫార్వర్డ్ చేస్తే సోమవారం 9కి పోతుంది, రోల్‌బ్యాక్ చేస్తే శుక్రవారం సాయంత్రం 5కి వస్తుంది. మీ పాఠం చదివి మావాళ్లు తలకిందులుగా అర్థం చేసుకుంటారు!

— మాకైతే ముందుకు జరిగిందంటే ఆలస్యమైనట్టే. ఈ తంటా ఎందుకు, ‘సోమవారానికి నెట్టడం’ అనేస్తే పోదా?

— నెట్టడం చెవికి బాగుంది. కానీ రోల్‌బ్యాక్‌కి జత దొరకదు. పైగా బుధవారం 10:30 లాంటి సమయం ఇస్తే రోల్‌ఫార్వర్డ్ దాన్ని కదపనే కదపదు, పనివేళలోనే ఉంది కాబట్టి. నెట్టడం అంటే కదిలి తీరాలి. ‘వచ్చే పనివేళకు చేర్చడం’, ‘గడిచిన పనివేళకు చేర్చడం’ అంటే కాస్త పొడుగైనా పొరపాటు పడరు.

— శుక్రవారం 4 గంటలకు ఒక పనిగంట కలిపితే సాయంత్రం 5 రావాలిగా? నాకు సోమవారం 9 చూపిస్తోంది.

— సరిగ్గానే చూపిస్తోంది. దాని లెక్కలో శుక్రవారం 5కీ సోమవారం 9కీ మధ్య కాలం సున్నా. కలిపినప్పుడు ఫలితం సరిగ్గా మూసే వేళ మీద పడితే తర్వాత తెరిచే వేళను ఇస్తుంది. శని, ఆదివారాలు మనకే, దానికి లేవు :)

— మరి పండగలు?

— వాటి సంగతి మామూలు బిజినెస్ అవర్‌కి తెలియదు. 2025 ఆగస్టు 14, గురువారం సాయంత్రం 4:30కి గంట కలిపితే 15న ఉదయం 9:30 అంటుంది, జెండా వందనం వేళకి! కస్టమ్ బిజినెస్ అవర్ తీసుకుని సెలవుల జాబితాలో ఆ తేదీ ఇస్తే 18, సోమవారం 9:30 వస్తుంది. దీన్ని ‘సెలవులు కలిసిన పనిగంట’ అని రాయకండి, సెలవుల్ని కూడా లెక్కలో కలుపుకున్నట్టు ఉంటుంది. ‘సెలవులు పోను’ అనండి.