పొందూరు ఖద్దరు లైవ్‌కు పెద్ద ఇన్‌ఫ్లుయెన్సరా, చిన్నవాళ్లా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ నమస్కారం. మా అత్తగారు మొదలుపెట్టిన బట్టల కొట్టును నాలుగేళ్లుగా నేను చూసుకుంటున్నాను. పొందూరు ఖద్దరు చీరలు, పంచెలు, కండువాలు మా ముఖ్యమైన సరుకు. దసరా, ఆ తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మాకు పెద్ద సీజను. ఈసారి అంతకుముందే ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టించి బయటి ఊళ్లకూ అమ్మాలని ఆశ. చేతిలో ఉన్నది 40,000 రూపాయలు. 6 లక్షల ఫాలోయర్లున్న ఒకావిడ గంట లైవ్‌కు సరిగ్గా అంతే అడిగారు. మన జిల్లాల్లోనే 8,000 నుంచి 20,000 మంది ఫాలోయర్లున్న ముగ్గురు అమ్మాయిలు మనిషికి 5,000, అమ్మకంపై కొంత కమిషన్ అంటున్నారు. కొట్లో 70 చీరలు, 120 పంచెలు ఉన్నాయి. పెద్దావిడ ఒక్కరితో పని తేలికని మా వారు అంటున్నారు. నాకు మాత్రం ధైర్యం చాలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

అమ్మా, ఫాలోయర్ల లెక్క తర్వాత చూద్దాం, ముందు మీ 70 చీరల సంగతి చూడండి. వాటిలో ఒకేలాంటివి రెండు ఉన్నాయా? చేనేతలో అది అరుదు. పెద్ద లైవ్‌లో ఒక చీర చూపగానే నలభై మంది అడుగుతారు. ఒకరికి దొరుకుతుంది, మిగిలిన ముప్పై తొమ్మిది మంది చిన్నబుచ్చుకుని వెళ్లిపోతారు. మీరు 40,000 ఇచ్చి పిలిపించుకున్నది వాళ్లనే.

మా వదినగారి చేనేత సరుకుకు నిరుడు పెద్ద ఇన్‌ఫ్లుయెన్సర్‌నే పెట్టాము. తెర మీద 2,300 మంది కనిపించారు. కామెంట్లలో సగం ఆవిడ కమ్మలు ఎక్కడివి, పిల్లలు ఎలా ఉన్నారు అనే. ఒకాయన మాత్రం సరైన ప్రశ్న వేశారు: ఇది మగ్గం మీద నేసిందా, పవర్‌లూమా? ఆవిడకు తెలియదు. నవ్వి తర్వాతి చీర ఎత్తారు. వచ్చిన ఆర్డర్లు 19. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినందువల్ల వాటిలో 8 తిరిగి వచ్చాయి.

రెండు నెలల తర్వాత 11,000 మంది ఫాలోయర్లున్న ఒక గృహిణిని పిలిచాము. ముందురోజే కొట్టుకు వచ్చి మూడు గంటలు కూర్చుని, ప్రతి చీర గురించి అడిగి రాసుకున్నారు. లైవ్‌లో కిటికీ దగ్గర నిలబడి, అరచేతి మీద ఒక్క పొర వేసి, గుడ్డ వెనక నుంచి చేతి గీతలు కనిపించేలా చూపించారు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని చెప్పి, ఆ ఎముకను కెమెరాకు దగ్గరగా పెట్టారు. చూస్తున్నది 140 మందే, కానీ ఒక్కరూ కదలలేదు. బెంగళూరు నుంచి ఒకామె అంచు మళ్లీ చూపమన్నారు, చూపించారు, ఆమె అప్పుడే డబ్బు పంపారు. ఆ గంటలో 34 ఆర్డర్లు, అన్నీ ముందే డబ్బు కట్టినవి.

రీల్ అయితే వారాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. లైవ్‌లో ఆ గంట కూర్చున్నవారిదే లెక్క. కాబట్టి ఎవరితో మాట్లాడినా చివరి మూడు లైవ్‌లలో ఒకేసారి ఎంతమంది చూశారో, వాళ్లు ఏయే ఊళ్లవారో ఫోనులో తెరిచి చూపమనండి. తటపటాయిస్తే అక్కడే ఆగిపోండి.

ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. ఖాదీ మార్క్ గుర్తు లేని బట్టను ఖాదీ అని అమ్మకూడదని 2013 నుంచి నిబంధన ఉంది. మామూలు నూలు చీరను కూడా నోరు జారి పొందూరు ఖద్దరు అనకుండా ఆ అమ్మాయిలకు ముందే చెప్పండి. ఆ పేరు వెనక వడికేవాళ్ల, నేసేవాళ్ల కష్టం ఉంది.

సమాధానం (పలాస నుంచి)

పై మాటలు చీరలకు సరిపోతాయి, కానీ పెద్దవారిని మొత్తానికి తోసిపుచ్చకండి. మాది జీడిపప్పు వ్యాపారం. 240 గ్రేడు గుండు పప్పు అంటే పౌండుకు (సుమారు 450 గ్రాములకు) 240 గింజల లోపు తూగుతుంది. ఏ ప్యాకెట్ తీసినా ఒకటే, ఎంపిక బాధ లేదు. మేము అర కిలో ప్యాకెట్లు 1,000 సిద్ధం చేసుకుని 4 లక్షల ఫాలోయర్లున్న ఆవిడతో లైవ్ చేయించాము, పెట్టిన డబ్బు వచ్చింది. ఒకే రకం సరుకు గుట్టగా ఉండి, కొరియర్ మనిషి మూడు రోజులు వరుసగా వస్తానంటే పెద్దవారు పనికివస్తారు. మీకు 120 పంచెలు ఉన్నాయి కదా, అవి దాదాపు ఒకేలాంటివైతే ఎప్పుడైనా వాటికి ఆలోచించండి. చీరలకు వద్దు.

సమాధానం (బొబ్బిలి నుంచి)

డబ్బు ఇచ్చినా, ఊరికే చీర ఇచ్చినా అది ప్రకటనేనని చూసేవారికి తెలియాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. లైవ్ అయితే ఆ మాట మొదటి నుంచి చివరి వరకు తెర మీద కనిపించాలి, ఒకసారి నోటితో చెబితే చాలదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు ఉంటుంది. ఫాలోయర్లు తక్కువని మినహాయింపు లేదు.

మళ్లీ ప్రశ్న (విజయనగరం నుంచి)

అందరికీ ధన్యవాదాలు. ముగ్గురు అమ్మాయిలవైపే మొగ్గుతున్నాను. మా కొట్టు ఇన్‌స్టాగ్రామ్ పేజీకి 600 మంది ఉన్నారు. లైవ్ మా పేజీ నుంచే పెట్టవచ్చా? లైవ్‌లోనే కొనే బటన్ ఏదైనా ఉంటుందా?

సమాధానం (శ్రీకాకుళం నుంచి)

మీ పేజీ నుంచి కుదరదు. 2025 ఆగస్టు నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టాలంటే అందరికీ కనిపించే ఖాతా, 1,000 మంది ఫాలోయర్లు ఉండాలి. ఆ అమ్మాయిల ఖాతాల నుంచే చేయించండి. యూట్యూబ్‌లో ఫోను నుంచి అయితే 50 మంది సబ్‌స్క్రైబర్లు చాలు. కాకపోతే మొదటిసారి అనుమతి రావడానికి 24 గంటల వరకు పడుతుంది, ఆఖరి నిమిషంలో మొదలుపెట్టకండి.

కొనే బటన్ ఆశ వదులుకోండి. ఫేస్‌బుక్ తన లైవ్ షాపింగ్‌ను 2022 అక్టోబరులో, ఇన్‌స్టాగ్రామ్ 2023 మార్చిలో ఆపేశాయి. మనవాళ్లకు అలవాటైన పద్ధతే మేలు: నచ్చిన చీరను స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపడం. అందుకే ప్రతి చీరకూ పెద్ద అక్షరాలతో నంబరు చీటీ ఉండాలి. కెమెరా వెనక ఒకరు నోటు పుస్తకంతో కూర్చుని, ముందుగా సందేశం పంపినవారికి ఇరవై నిమిషాలు చీర పక్కన పెట్టాలి. డబ్బు రాకపోతే తర్వాతివారికి.

ముగ్గురినీ ఒకే వారంలో పెట్టకండి. అందరూ మన జిల్లాలవారే కాబట్టి చూసేవారిలో చాలామంది కలిసిపోతారు. వారానికి ఒకరు చొప్పున, ఒక్కొక్కరికి వేరే తగ్గింపు కోడ్ ఇవ్వండి. ఎవరి లైవ్ నుంచి ఎన్ని పోయాయో లెక్క తేలుతుంది. ముగ్గురికీ కలిపి 15,000 అవుతుంది. మిగిలిన 25,000 ముట్టుకోకండి. బాగా అమ్మిన అమ్మాయితో సిరిమానుకు ముందు ఇంకో లైవ్ పెట్టుకోవచ్చు, కమిషన్, కొరియర్ ఖర్చులకూ అందులోంచే తీయవచ్చు.

విజయనగరం నుంచి

మా వారికి ఇదంతా చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. మొదటి అమ్మాయిని రేపు కొట్టుకు రమ్మన్నాను. ఈ రాత్రి అత్తగారు, నేను కూర్చుని 70 చీరలకూ నంబర్లు రాస్తున్నాము.

శ్రీకాకుళం నుంచి

అమ్మా, చీటీలను గుండుసూదితో గుచ్చకండి. ఆ సన్నని నూలుకు రంధ్రం పడితే కనిపిస్తుంది. మడత చుట్టూ దారం కట్టి దానికి తగిలించండి.