నీనా సిమోన్ పాత్ర జోయి సల్డానా వేయడం తప్పేనా?

గోదారిగట్టు:
నిన్న రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయికీ నాకూ గట్టి వాదన జరిగింది. తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. అమెరికా గాయని నీనా సిమోన్ జీవితం మీద 2016లో ఒక సినిమా వచ్చింది. నీనాది చిక్కటి నలుపు, వెడల్పాటి ముక్కు. ఆ పాత్ర వేసిన జోయి సల్డానా కూడా తాను నల్లజాతి స్త్రీనే అంటుంది. అమ్మానాన్నల మూలాలు కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్, ప్యూర్టోరికో. కాకపోతే ఆమెది లేత ఛాయ. అందుకని మేకప్‌తో ముఖం నల్లగా చేశారు, ముక్కు అతికించారు. పెద్ద గొడవైంది. 2020లో ఆమె కన్నీళ్లతో క్షమాపణ చెప్పింది, ఆ పాత్ర నేను చేయకుండా ఉండాల్సింది అని.

నా మాట ఒక్కటే. వేషం కట్టడమే నటుల పని. ముసలాయన వేషం కుర్రాడు వేస్తే ఎవరూ తప్పు పట్టరు కదా? ఆ అమ్మాయిని అంతలా ఏడిపించడం నాకు నచ్చలేదు.

మానుకోట:
ముసలివేషంతో పోలిక కుదరదండి. ముసలివాళ్లని ఎవరూ రంగు చూసి సినిమాలకి దూరం పెట్టలేదు, నల్లగా ఉన్నవాళ్లని పెట్టారు. 1966లో నీనా నలుగురు ఆడవాళ్ల మీద ఒక పాట కట్టి పాడింది. నలుగురూ నల్లజాతివాళ్లే, నలుగురి ఛాయా వేరు. మొదటామె ఒళ్లు నలుపు, దెబ్బలు ఓర్చుకున్న గట్టి వీపు. రెండో ఆమెది పసుపు ఛాయ. తండ్రి డబ్బున్న తెల్లవాడు, ఒక రాత్రి తల్లిని బలవంతం చేశాడు. వాళ్లలో ఇన్ని ఛాయలు ఎలా వచ్చాయో అంత చిన్న పాటలో చెప్పేసింది. బానిసత్వం రోజుల్లో యజమానికి పుట్టిన లేత రంగు పిల్లలకి ఇంట్లో పని దొరికేది, నల్లగా ఉన్నవాళ్లు పొలంలో ఎండకి మాడేవారు. బానిసత్వం పోయినా ఆ వరుస పోలేదు. జీవితమంతా ఆ ఒంటితో, ఆ ముఖంతో నిలబడిన మనిషి కథ తీస్తూ, ఆ ఛాయ ఉన్న నటిని పెట్టుకోకుండా రంగు డబ్బా తెచ్చుకున్నారు. నాకు కోపం అక్కడే వస్తుంది.

సినిమాపిచ్చి:
మానుకోట అక్కా, నీ కోపం అర్థమైంది. కానీ సల్డానాని "నువ్వు చాలినంత నల్లగా లేవు" అంటే మళ్లీ మనం కూడా కొలబద్ద పట్టుకున్నట్టే కదా. పాత తరం నల్లజాతి గాయని, నటి లీనా హార్న్ సంగతి చూడు. న్యూయార్క్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో కాటన్ క్లబ్ అని ఉండేది. వేదిక మీద నల్లవాళ్లు, కుర్చీల్లో తెల్లవాళ్లు. డాన్సర్లుగా లేత రంగు అమ్మాయిల్నే తీసుకునేవారు. లీనా 16 ఏళ్లకి అక్కడే మొదలుపెట్టింది. ఆ ఛాయే ఆమెని హాలీవుడ్‌కి తీసుకెళ్లింది, నిజమే. కానీ అక్కడ చాలా సినిమాల్లో ఆమెకి కథలో భాగం ఇవ్వకుండా పాటలు పాడించి వదిలేశారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల థియేటర్లకి పంపేటప్పుడు ఆ పాటలు కూడా కత్తిరించేవారు. మిశ్రమజాతి అమ్మాయి పాత్ర ఒకటి ఆమె కోరుకుంటే, 1951లో అది తెల్లనటి ఆవా గార్డనర్‌కి వెళ్లింది. లేత రంగు వాళ్లకి కూడా ఇంత అవమానం జరిగింది. నీనా సొంత కూతురే సల్డానాని తిట్టొద్దంది, స్క్రిప్టు రాసింది ఆ అమ్మాయి కాదు కదా అని.

స్టూడియోబాబాయ్:
గుంటూరులో 22 ఏళ్లు పెళ్లి ఫోటోలు తీశాను. నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. కోడాక్ వాళ్లు ప్రింటింగ్ ల్యాబులకి ఒక నమూనా ఫోటో పంపేవారు. అందులో తెల్లమ్మాయి ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు కుదిరినట్టు లెక్క. నల్లటి ముఖం ఆ ఫిల్ములో మసిబొగ్గులా వచ్చేది, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించేది కాదు. ఏళ్ల తర్వాత మార్చారు. అది కూడా చాక్లెట్ల వాళ్లు, చెక్క సామాను అమ్మేవాళ్లు తమ సరుకు ఫోటోల్లో సరిగ్గా రావట్లేదని గొడవ చేశాక. మనుషుల ముఖాల కోసం కాదు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

"నల్లగా ఉన్నవాళ్లు తెర మీద కనపడరు" అనేది అబద్ధం. చామనఛాయ పెళ్లికూతురికి ఎదురుగా ఫ్లాష్ కొట్టకుండా పక్కనుంచి మెత్తటి లైటు ఇచ్చి చూడండి, బుగ్గ మీద వెలుగు ఎంత అందంగా ఆగుతుందో. లైటు పెట్టడం రానివాళ్లు తప్పు చర్మం మీదికి తోసేశారు.

గోదారిగట్టు:
బాబాయ్, ఇది నాకు తెలియదు. కానీ ఇవన్నీ పాత రోజుల మాటలు కదా? 2014లో నటి లుపిటా న్యోంగోకి ఆస్కార్ వచ్చింది, 2015లో నటి వయోలా డేవిస్‌కి టీవీ అవార్డు ఎమ్మీ వచ్చింది. ఇద్దరూ నల్లగా ఉన్నవాళ్లే.

మానుకోట:
అదే 2014లో ఏం జరిగిందో చెప్పనా? లాస్ ఏంజిలెస్ దగ్గరి కాంప్టన్ ఊరి ర్యాప్ పాటల బృందం మీద తీస్తున్న సినిమాకి జనంలో కనపడే అమ్మాయిలు కావాలని ప్రకటన వచ్చింది. ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. ఏ అంటే మహా అందగత్తెలు, ఏ జాతైనా సరే, జుట్టు మాత్రం సొంతదై ఉండాలి. బీ అంటే లేత రంగు. డీ అంటే పేదగా కనపడే, ఒళ్లు సరిగ్గా లేని, చామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న నల్లజాతి అమ్మాయిలు. ఏజెన్సీ తర్వాత క్షమాపణ చెప్పింది. ఆలోచించండి, అది నల్లవాళ్ల కథ, నల్లవాళ్లే తీసిన సినిమా. వయోలాని కూడా ఒక పెద్ద పత్రిక "అంత అందగత్తె కాదు" అన్నట్టు రాసింది, 2014లోనే. ఈ బరువు ఆడవాళ్ల మీదే ఎక్కువ. ఉత్తమ నటుడి ఆస్కార్ నల్లటి సిడ్నీ పాయిటియర్‌కి 1964లో వచ్చింది. ఉత్తమ నటి ఆస్కార్ మొదటిసారి నల్లజాతి స్త్రీకి వచ్చేసరికి 2002 అయింది. ఆమె హాలీ బెర్రీ, ఆమె తల్లి తెల్లామె.

తమ్ముడూ, సల్డానాని తిట్టమని నేను అనడం లేదు. లేత ఛాయ ఉన్న నల్లజాతి నటి జెండయా 2018లో చెప్పింది, హాలీవుడ్ ఒప్పుకునే రకం నల్లమ్మాయిని నేను, అందుకే నాకు దారి దొరికింది అని. ఎవరి రంగునీ తక్కువ చేయకుండా నిజం చెప్పింది. నాకు అంతే కావాలి.

సినిమాపిచ్చి:
ఒప్పుకుంటాను అక్కా. మన దగ్గర కూడా తెల్లటి హీరోయిన్ల కోసం బొంబాయి పరిగెత్తడం ఇదే జబ్బు కదా?

మానుకోట:
బాధ ఒకటే, పుట్టుక వేరు. మనది కులంతో, ఎండలో పనితో ముడిపడింది. వాళ్లది మనిషిని కొని అమ్మిన చోట పుట్టింది. రెండూ కలిపేస్తే రెండూ సరిగ్గా అర్థం కావు. మనది ఇంకో చోట మాట్లాడుకుందాం.

గోదారిగట్టు:
ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె సల్డానా క్షమాపణ వీడియో పెట్టి చూపించింది. వేషం కట్టడం తప్పని సల్డానా అనలేదు, అలా అందనే నేను అనుకున్నాను. నాకున్న పలుకుబడితో ఆ పాత్ర ఇంకో నల్లజాతి నటికి దక్కేలా ప్రయత్నించాల్సింది అంది. వాదన మొదలుపెట్టినప్పుడు ఈ మాట నేను వినలేదు.