90 రోజుల నోటీసు గడువు దాటిపోయింది: రీఏజెంట్ రెంటల్ అగ్రిమెంటు నుంచి ఇప్పుడు బయటపడగలమా?

ప్రశ్న – ల్యాబ్ నిర్వాహకురాలు, తెనాలి (జనవరి 19, 2026)

అందరికీ నమస్కారం. మాది చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్, నాతో కలిపి ఏడుగురం. 2023 ఏప్రిల్ 1న ఒక కంపెనీ దగ్గర రీఏజెంట్ రెంటల్ పద్ధతిలో బయోకెమిస్ట్రీ అనలైజర్ (రక్త పరీక్షల యంత్రం) తీసుకున్నాం. యంత్రానికి డబ్బు కట్టలేదు. బదులుగా నెలకు కనీసం 60 వేల రూపాయల రీఏజెంట్లు (పరీక్షలకు వాడే రసాయనాలు) వాళ్ల దగ్గరే కొనాలి. మూడేళ్ల అగ్రిమెంటు, ఈ మార్చి 31తో అయిపోతుందనుకున్నాను.

నిన్న కొత్త యంత్రం కోసం వేరే కంపెనీతో మాట్లాడుతూ పాత కాగితాలు తీస్తే పదకొండో పేజీలో ఈ షరతు కనిపించింది. గడువుకు కనీసం 90 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే అగ్రిమెంటు మరో 36 నెలలు దానంతటదే కొనసాగుతుందట. పైగా ఏటా 8 శాతం ధర పెంచుకునే హక్కు కంపెనీకి ఉంటుందట.

ఆ గడువు డిసెంబర్ 31నే పోయింది. నెలకు 60 వేల చొప్పున మూడేళ్లకు 21 లక్షల 60 వేలు! మా వీధిలో పెద్ద ల్యాబ్‌ల కలెక్షన్ సెంటర్లు రెండు వచ్చాక మా వాడకం నెలకు 35 వేలు దాటడం లేదు. నవంబరులో వాళ్ల సేల్స్ అధికారికి వాట్సాప్‌లో "మార్చి తర్వాత కొనసాగించలేమండి" అని రాశాను. "సరే మేడమ్, పైవాళ్లతో మాట్లాడతాను" అని జవాబిచ్చారు. అది నోటీసు కిందకు వస్తుందా? సంతకం చేసిన ఖాళీ చెక్కులు మూడు వాళ్ల దగ్గర ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు – న్యాయవాది, విజయవాడ

మేడమ్, ముందు ఈరోజే ఒక పని చేయండి. ఆలస్యమైనా సరే, నోటీసు పంపండి. గడువు ఎలాగూ పోయింది కదా అని ఊరుకుంటే చిక్కు పెద్దదవుతుంది. మార్చి 31కి ఇంకా 71 రోజులు ఉన్నాయి. రెండో మూడేళ్లు మొదలుకాకముందే మీరు వద్దన్న మాట వాళ్ల రికార్డుల్లోకి ఎక్కాలి.

మన దేశంలో వ్యాపారుల మధ్య రాసుకున్న ఆటోమేటిక్ రెన్యువల్ క్లాజు చెల్లదని ఏ చట్టమూ చెప్పలేదు. మౌనం అంగీకారం కాదనే సూత్రం ఉన్న మాట నిజమే. కానీ మౌనంగా ఉంటే కొనసాగినట్టేనని 2023లో మీరే సంతకం చేసి ఒప్పుకున్నారు. కాబట్టి ఆ వాదన మీద ఆశ పెట్టుకోకండి.

వాట్సాప్ సంగతి. సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదీ రాతపూర్వకమే. అయితే నోటీసు ఎవరికి, ఏ చిరునామాకు, ఏ మార్గంలో పంపాలో చెప్పే క్లాజు అగ్రిమెంటు చివరి పేజీల్లో విడిగా ఉంటుంది. రిజిస్టర్డ్ ఆఫీసుకే పంపాలని అందులో ఉంటే, సేల్స్ అధికారి ఫోనుకు పంపిన సందేశం సరిపోతుందని నేను హామీ ఇవ్వలేను. అయినా దానికి విలువ లేకపోలేదు. గడువు లోపలే మీ ఉద్దేశం వాళ్లకు తెలుసనీ, వాళ్ల మనిషి సరే అన్నారనీ అది చూపిస్తుంది. ఆ సంభాషణ చెరిపేయకండి, ఆ ఫోనూ మార్చకండి. కోర్టులో చూపాల్సి వస్తే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోను చేతిలో ఉంటే ఆ పని తేలిక.

తర్వాత, రెన్యువల్ క్లాజు చదివి అక్కడే ఆగిపోకండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. రద్దు క్లాజు వేరే పేజీలో ఉంటుంది. కారణం చూపకుండా ఇన్ని రోజుల నోటీసుతో ముగించుకోవచ్చని అందులో ఉందేమో చూడండి. లాక్-ఇన్ (మధ్యలో బయటపడకూడని కాలం) అని ఉంటే అది మొదటి మూడేళ్లకేనా, రెన్యువల్ అయిన కాలానికి కూడానా అన్నది అక్షరం అక్షరం చదవండి. మొదటి కాలానికే అయితే మీకు దారి దొరికినట్టే.

"ముందే ముగిస్తే మిగిలిన నెలల కనీస కొనుగోలు మొత్తం చెల్లించాలి" అని రాసి ఉండొచ్చు. ఆ అంకె చూసి బెదరకండి. ఒప్పందాల చట్టం, 1872 సెక్షన్ 74 ప్రకారం కాగితం మీద రాసిన మొత్తం పై హద్దు మాత్రమే. ఆ హద్దుకు లోబడి కోర్టు ఇప్పించేది సముచితమైన పరిహారం. 1963 నాటి ఫతేచంద్ కేసులోనూ, 2015 నాటి కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. నష్టాన్ని తగ్గించుకునే దారులు అవతలి పక్షానికి ఉన్నాయా అన్నదీ లెక్కలోకి తీసుకోవాలని సెక్షన్ 73 వివరణ అంటుంది. ఏప్రిల్ 1న మీరు యంత్రం అప్పగిస్తే వాళ్లు దాన్ని మరో ల్యాబ్‌లో పెట్టుకోగలరు కదా. 36 నెలలను 60 వేలతో గుణించి బిల్లు వేయడం అంత సులువు కాదు. బేరానికి కూర్చున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి.

చెక్కులకు స్టాప్ పేమెంట్ (డబ్బు చెల్లించవద్దని బ్యాంకుకు ఆదేశం) ఇచ్చి నిశ్చింతగా ఉండమని ఎవరైనా చెబితే వినకండి. నిజంగా బాకీ ఉన్నప్పుడు, స్టాప్ పేమెంట్ వల్ల తిరిగొచ్చిన చెక్కుకూ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138, అంటే చెక్ బౌన్స్ నేరం, వర్తిస్తుంది. మార్చి వరకు ఉన్న బిల్లులన్నీ కట్టేయండి. నోటీసులో ఆ మూడు చెక్కుల నంబర్లు రాసి, అవి దేనికోసం ఇచ్చారో చెప్పి, తిరిగి పంపమని అడగండి.

నోటీసు పెద్దదిగా ఉండనవసరం లేదు. నేనైతే ఇలా రాస్తాను: "2023 ఏప్రిల్ 1 నాటి మన అగ్రిమెంటును 2026 మార్చి 31 తర్వాత కొనసాగించే ఉద్దేశం మాకు లేదు. ఈ విషయం నవంబరులోనే మీ అధికారికి వాట్సాప్ ద్వారా తెలియజేశాం, ప్రతి జతచేస్తున్నాం. ఒకవేళ అగ్రిమెంటు రెన్యువల్ అయినట్టు మీరు భావించినా, రద్దు క్లాజు కింద దీన్నే ముగింపు నోటీసుగా స్వీకరించండి. మార్చి 31 తర్వాత యంత్రం తీసుకువెళ్లే తేదీ తెలపండి. మా హక్కులకు భంగం లేకుండా ఈ లేఖ పంపుతున్నాం." మూడో వాక్యం తప్పనిసరిగా ఉండాలి. రెన్యువల్ కాలేదన్న మొదటి వాదన ఓడినా, రద్దు క్లాజు నోటీసు గడియారం ఈరోజు నుంచే నడవడం మొదలవుతుంది.

రిజిస్టర్డ్ పోస్టులో పంపాలని అగ్రిమెంటులో ఉంటే కంగారు పడకండి. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపారు. స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ సదుపాయం అడిగి, రసీదు, చేరినట్టు ఆధారం దాచండి. అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి.

జవాబు – ల్యాబ్ యజమాని, వరంగల్

మేడమ్, రెండేళ్ల కిందట ఇదే గోతిలో నేనూ పడ్డాను. వకీలు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఏప్రిల్ 1 తర్వాత మామూలుగా ఆర్డరు పెట్టి, మామూలుగా బిల్లు కట్టారో, రెన్యువల్‌ను మీరే ఒప్పుకున్నారని వాళ్లు అంటారు. నా విషయంలో జరిగింది అదే. నోటీసు పంపాను, కానీ కిట్లు లేక రోగులు వెనక్కి పోతున్నారని ఏప్రిల్, మే నెలల్లో పాత పద్ధతిలోనే ఆర్డర్లు ఇచ్చాను. ఆ రెండు బిల్లులు చూపించి నా నోటీసును పక్కన పెట్టేశారు. చివరకు ఏడాది పాటు అవసరం లేని సరుకు కొన్నాను. అందులో కొంత గడువు తీరి పారేశాం. మీరు ఆర్డరు ఇవ్వక తప్పకపోతే ప్రతి ఆర్డరు మీదా "రెన్యువల్‌కు అంగీకారం కాదు, తాత్కాలిక అవసరం కోసం మాత్రమే" అని రాయండి.

ఇంకొకటి. మీది క్లోజ్డ్ సిస్టమ్ అయితే అందులో వేరే కంపెనీ రీఏజెంట్ పనిచేయదు. కొత్త యంత్రం వచ్చాక కొన్ని రోజులు అవే శాంపిళ్లను రెండింటిలోనూ నడిపి ఫలితాలు పోల్చుకోవాలి. అందువల్ల మార్చి 31న పాతది పంపి ఏప్రిల్ 1న కొత్తది మొదలుపెట్టడం కుదరదు. మార్చి మొదటివారానికే కొత్త యంత్రం వచ్చేలా చూసుకోండి. లేదా రెండు మూడు నెలల పొడిగింపు మీరే అడగండి. రోజుకు ఎన్ని పరీక్షలు చేస్తున్నారో లెక్క తీసి చూపండి. 35 వేలే వాడే ల్యాబ్‌లో యంత్రం ఉంచడం వాళ్లకూ లాభం కాదు.

ప్రశ్న – కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, కర్నూలు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా భవనానికి 11 నెలల అద్దె అగ్రిమెంటు ఉండేది, గడువు దాటి ఎనిమిది నెలలైంది. యజమాని అద్దె తీసుకుంటూనే ఉన్నారు. మాదీ రెన్యువల్ అయినట్టేనా?

జవాబు – న్యాయవాది, విజయవాడ

మీది వేరే దారి అండి. అగ్రిమెంటులో రెన్యువల్ షరతు లేకపోతే, గడువు తర్వాత యజమాని అద్దె తీసుకున్నందువల్ల ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 116 కింద మీరు సాధారణంగా నెలవారీ అద్దెదారు అవుతారు. ఇంకో 11 నెలలు కట్టుబడినట్టు కాదు. సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసుతో మీరూ ఖాళీ చేయవచ్చు, వారూ చేయించవచ్చు. జూన్‌లో కొత్త బ్యాచ్‌లు పెట్టుకుని ఇలా ఉండటం మీకే ప్రమాదం. కొత్త కాగితం రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంత కాలానికి రాసుకున్నా రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

జవాబు – అకౌంటెంట్, హైదరాబాద్

తేదీల లెక్క గురించి నాలుగు మాటలు. మేము క్లయింట్ల అగ్రిమెంట్లన్నిటికీ ఒక ఎక్సెల్ షీటు పెడతాం. అందులో ముగింపు తేదీకి పక్కనే "వద్దని చెప్పాల్సిన ఆఖరి తేదీ" అని ఒక గడి ఉంటుంది. ఫోనులో గుర్తు పెట్టేది ఆ రెండో తేదీకే, అదీ నెల రోజుల ముందుకు. మార్చి 31 ముగింపు అయితే 90 రోజుల వెనక్కి డిసెంబర్ 31, 60 రోజుల వెనక్కి జనవరి 30. నోటీసు "పంపాలి" అని ఉందా, "అందాలి" అని ఉందా చూడండి. అందాలి అని ఉంటే పోస్టు ప్రయాణానికి కనీసం వారం ముందుకు జరపాలి. ఇది మేమూ ఒకసారి నష్టపోయి నేర్చుకున్నదే. లిఫ్టు, జనరేటర్, ఏసీల వార్షిక నిర్వహణ ఒప్పందాలనూ ఆ షీటులో చేర్చండి. వాటిని ఎవరూ పట్టించుకోరు.

సాఫ్ట్‌వేర్ చందాలకు కార్డు నుంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటు ఉంటే, కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. 15 వేల రూపాయలు దాటితే సాధారణంగా మీ అదనపు ధ్రువీకరణ కూడా కావాలి. కానీ బ్యాంకులో ఆ మాండేట్ (డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి) రద్దు చేసినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. డబ్బు ఆగుతుంది, బాకీ పెరుగుతుంది. రెండూ వేర్వేరుగా ముగించాలి.

తాజా సమాచారం – ల్యాబ్ నిర్వాహకురాలు, తెనాలి (ఫిబ్రవరి 24)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జనవరి 20నే స్పీడ్ పోస్టు, ఈమెయిల్ పంపాను. రద్దు క్లాజులో లాక్-ఇన్ "ప్రారంభ కాలానికి" అనే ఉంది! రెన్యువల్ కాలంలో 60 రోజుల నోటీసు చాలు. మొదట వాళ్లు 21 లక్షల మాట ఎత్తారు. మూడో వాక్యం, వాట్సాప్ ప్రతి, గత 12 నెలల పరీక్షల లెక్క ముందు పెట్టాక ప్రాంతీయ మేనేజరు స్వయంగా ఫోను చేశారు. జూన్ 30 వరకు పొడిగింపు, కనీస కొనుగోలు లేదు, పాత ధరలే. ఆ తర్వాత రెండు పక్షాలూ కొత్తగా సంతకం చేస్తేనే కొనసాగుతుందని రెండు పేజీల సవరణ పత్రం రాసుకున్నాం. చెక్కులు రెండు వచ్చాయి, మూడోది వెతుకుతున్నామంటున్నారు. యంత్రం అప్పగించేటప్పుడు ఇంకేం చూసుకోవాలి?

జవాబు – న్యాయవాది, విజయవాడ

చాలా సంతోషం మేడమ్. మూడో చెక్కు పోయిందనే మాట ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆ ఈమెయిల్ వచ్చాక, బాకీలు ఏమీ లేవని లెక్క తేల్చుకుని, ఆ నంబరుకు బ్యాంకులో స్టాప్ పేమెంట్ ఇవ్వండి. ఇప్పుడది సబబు.

జవాబు – ల్యాబ్ యజమాని, వరంగల్

యంత్రం తీసుకెళ్లేవారి చేత సీరియల్ నంబరు, తేదీ, పనిచేస్తున్న స్థితిలో అప్పగించినట్టు సంతకం తీసుకోండి, నాలుగు వైపులా ఫొటోలు తీయండి. దానికి ముందు రోగుల ఫలితాలన్నీ బయటకు కాపీ చేసుకుని, యంత్రంలోంచి చెరిపించండి. ఆ పని వాళ్ల సర్వీస్ ఇంజినీర్‌తో మీ ఎదుటే చేయించాలి. మిగిలిన కిట్లు, తెరవని పెట్టెలు వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్ (వాటి విలువ మీ లెక్కలో జమ చేసే పత్రం) ఇస్తారేమో జూన్ మొదట్లోనే అడగండి. గడువు దగ్గరపడ్డ పెట్టెలు చివర్లో ఎవరూ ముట్టుకోరు.