నానో సిలికా ఎమల్షన్‌తో హెవీ ఆయిల్: బావి దాకా వస్తుందా, సీసాలోనే ఆగుతుందా?

కావలి_కెమిస్ట్:
హెవీ ఆయిల్ (బాగా చిక్కటి ముడి చమురు) బావుల్లో నానో సిలికాతో, అంటే కంటికి కనిపించనంత సన్నని సిలికా రేణువులతో, నిలబెట్టిన ఎమల్షన్ (నూనె, నీళ్లు చుక్కలుగా కలిసిన ద్రవం) వాడి చూడాలన్నది నా వాదన. మామూలు నీళ్లు పంపితే ఏమవుతోంది? నీటి చిక్కదనం 1 సెంటీపాయిజ్, ఆ నూనెది వందల నుంచి వేల దాకా. నీళ్లు నూనెను నెట్టవు, సందు చేసుకుని పక్క బావిలో తేలతాయి. ఎమల్షన్ చుక్కలు ఆ సందులకు అడ్డం పడితే వెనక వచ్చే నీరు నూనె మిగిలిన చోటికి తిరుగుతుంది. చుక్కలు కలిసిపోకుండా మామూలుగా వేసే సర్ఫాక్టెంట్ (సబ్బులాంటిది) అణువులు చుక్క అంచుకు వచ్చి పోతుంటాయి. సిలికా రేణువు కూర్చుంటే ఇక లేవదు. బ్రిటిష్ కెమిస్ట్ పికరింగ్ 1907లోనే ఇలాంటి ఎమల్షన్ల గురించి రాశాడు. ఇంకా ఆలస్యం ఎందుకు?

ఒంగోలు_పాతకాపు:
తమ్ముడూ, చమురు ఫీల్డ్‌లో సెపరేటర్ దగ్గర పదకొండేళ్లు చేశాను. పైకొచ్చిన నూనె నుంచి నీళ్లు విడదీయాలి గదా. లేవదంటున్నావే, నాకు కావలసింది అది లేవడమే.

నెల్లూరు_సుబ్బు:
పాలు కూడా ఎమల్షనే కదన్నా. చిలికితే వెన్న రావడం లేదా?

ఒంగోలు_పాతకాపు:
పాలలో కొవ్వు చుట్టూ ఉండేది మెత్తటి పొర. ఇక్కడ రాయి. పైగా హెవీ ఆయిల్‌లో ఆస్ఫాల్టీన్లు (తారులాంటి బరువైన పదార్థాలు) ముందే ఉంటాయి, అవీ అంచున పొర కడతాయి. రెండూ కలిస్తే డీమల్సిఫైయర్‌కు, అంటే నూనె, నీళ్లు విడగొట్టే కెమికల్‌కు, అంత తేలిగ్గా లొంగవు.

మైపాడు_శీను:
ఖర్చు సంగతి ఎవరూ చెప్పరేం?

కావలి_కెమిస్ట్:
సార్, విడగొట్టడం ఒక్కటే పట్టుకున్నారు. నూనె పైకొస్తేనే కదా విడగొట్టేది! రేణువు సైజు సగం చేస్తే దాని పట్టు నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే సైజు చూసి ఎంచుకోవచ్చు. పీహెచ్ మారిస్తే విడిపోయేవి, అయస్కాంతానికి లొంగేవి కూడా ల్యాబుల్లో చేశారు. గుజరాత్‌లోని బలోల్, సంతాల్ చమురు ఫీల్డుల్లో ఓఎన్‌జీసీ గాలి పంపి, భూమిలోనే కొంత నూనె కాల్చి, ఆ వేడితో మిగతాది తీసింది. అంత సాహసం చేసిన దేశంలో దీనికి భయమెందుకు? ట్రైనింగ్‌కు వెళ్తే ఒక ఇంజినీరు నేను చేసిన ఎమల్షన్ సీసా చేతిలోకి కూడా తీసుకోలేదు. ఆరు నెలల కష్టం అది.

చిల్లకూరు_రైతు:
సిలికా అంటే మా వైపు ఇసుకే కదా? గుంటలు తవ్వాక మా బోరు ఎండింది. ఇంకా తవ్వడానికి కొత్త కారణం వెతక్కండి.

కావలి_కెమిస్ట్:
అన్నా, నేను వరి ఊక బూడిదతో చేశాను. బాగా కాలితే అందులో సుమారు 90 శాతం సిలికానే. ఇసుక ముట్టలేదు.

చిల్లకూరు_రైతు:
ఊక చాలకపోతే మళ్లీ ఇసుకే అడుగుతారు.

ఒంగోలు_పాతకాపు:
సీసా చూడలేదని బాధపడుతున్నావు, నా సంగతి విను. ఒకసారి కొత్త కెమికల్ ట్రయల్ అన్నారు. మూడు రోజులు ట్యాంకులో నూనె, నీళ్లు విడిపోలేదు. ట్రయల్ పెట్టినాయన రిపోర్టు రాసుకుని వెళ్లిపోయాడు. మెమో నాకిచ్చారు, ఇంక్రిమెంట్ ఆపారు. నీ సైన్సు తప్పని నేనెప్పుడన్నాను? అది విడిపోని రాత్రి ట్యాంకు దగ్గర ఎవరుంటారు, సంతకం ఎవరిది? అది చెప్పు.

కావలి_కెమిస్ట్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది సార్. నేనుంటాను. సంతకమూ నాదే.

ఒంగోలు_పాతకాపు:
సరే. పరీక్ష ఏ నీళ్లతో చేశావు?

కావలి_కెమిస్ట్:
డిస్టిల్డ్ వాటర్.

ఒంగోలు_పాతకాపు:
బావి నీళ్లలో ఉప్పు, కాల్షియం ఉంటాయి. వాటిలో సిలికా రేణువులు ఒకదానికొకటి అంటుకుని రాతి సందుల్లో ఇరుక్కుంటాయి. తుమ్మలపెంట నుంచి సముద్రం నీళ్లు తెచ్చి మళ్లీ చెయ్యి. ఏం వేస్తే విడిపోయిందో, ఎంతసేపు పట్టిందో ఇక్కడ పెట్టు. నేను చూస్తాను.