ఎండలు మండే బాడ్మేర్‌లో క్రూడాయిల్ ఎందుకు గడ్డ కడ్తాంది?

కొండారెడ్డిబురుజు_కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది కర్నూలు, మా అన్న రాజస్థాన్‌లో బాడ్మేర్ దగ్గర ఆయిల్ ఫీల్డ్‌లో పని చేస్తాన్నాడు. మొన్న వీడియో కాల్‌లో ఒక గాజు సీసా చూపించినాడు, వేడిగా పట్టినప్పుడు నీళ్ళగానే ఉండిందంట, కొంచేపు పక్కన పెట్టేసరికి తలకిందులు చేసినా చుక్క కారలే. మంచు కురిసే చోట అంటే సరే, మన కర్నూలు మాదిరి ఎండలుండే చోట ఇదేంది? పైగా అందులో గట్టిపడే మైనం కొంచెమేనంట, మిగతాదంతా ద్రవమేనంట. మరి మొత్తం ఎట్లా నిలబడిపోతాంది? డిగ్రీలో కెమిస్ట్రీ చదివినా, కొంచెం లోతుగా చెప్పినా పర్లేదు.

అనంత_ల్యాబ్:
మీ అన్న చెప్పింది కరెక్టే తమ్ముడూ. నేను అనంతపురం, ఆయిల్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేసినా. క్రూడ్‌లో పొడుగు గొలుసు పారఫిన్లు ఉంటాయి, మైనం అంటే అవే, కార్బన్లు 18, 20తో మొదలై 40, 50 కూడా దాటుతాయి. వేడి మీద అవన్నీ నూనెలో కరిగి ఉంటాయి, చల్లారేకొద్దీ పొడుగువి ముందు బయటపడి పక్కపక్కన పేర్చుకొని పల్చటి పలకల మాదిరి స్ఫటికాలు అవుతాయి. అసలు సంగతి ఆ ఆకారంలోనే ఉంది. గుండ్రటి గింజలయితే నూనెతో పాటు కొట్టుకుపోతాయి, పలకలు అట్ల కాదు, అంచులు ఒకదానికొకటి తగులుకొని సీసా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అల్లుకుంటాయి, ద్రవమంతా ఆ సందుల్లో ఇరుక్కుంటుంది. బరువులో 2 శాతం మైనం గట్టిపడినా క్రూడ్ ఆగిపోవచ్చు. చలికాలం కొబ్బరినూనె గడ్డకట్టడం వేరే, అక్కడ నూనెలో పెద్ద భాగమే గట్టిపడుతుంది.

పోలరైజ్డ్ లైట్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తే ముందు అంతా నల్లగా ఉంటుంది, చల్లబరుస్తాంటే ఒక దగ్గర ఒక తెల్ల చుక్క మెరుస్తుంది, మైనం మొదలయ్యే టెంపరేచర్ అదే. పోర్ పాయింట్, అంటే క్రూడ్ ఇంకా పారగలిగే అతి తక్కువ టెంపరేచర్, దానికంటే కిందుంటుంది. దానికి జార్‌ని 3 డిగ్రీలు తగ్గినప్పుడల్లా వంచి చూస్తాం, అడ్డంగా 5 సెకన్లు పట్టుకున్నా కదలకపోతే ఆ రీడింగ్‌కి 3 కలిపి రాస్తాం. బాడ్మేర్‌లోని మంగళ క్రూడ్‌కి అది 40 డిగ్రీల పైనే. మధ్యాహ్నం ఎండ ఎంతున్నా భూమిలో పూడ్చిన పైపు చుట్టూ మట్టి అంత కాగదు, ఇంక చలికాలం రాత్రుల సంగతి చెప్పాల్సిన పనే లేదు.

పెన్నా_గట్టు:
కడప నుంచి. పైపుల పని మీద చాన్నాళ్ళు అస్సాంలో ఉన్నా. బాడ్మేర్ నుంచి గుజరాత్ తీరం దాకా దాదాపు 670 కిలోమీటర్ల లైన్ ఉంది, పైపు చుట్టూ ఫోమ్ వేసి, పొడుగునా ఒక సన్న స్టీల్ ట్యూబ్ అతికించి, లోపల కేబుల్‌లో కరెంట్ పారించి క్రూడ్‌ని 65 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పారుతున్నంతసేపు కొంత నయం, ఆ కదలికకే అల్లిక తెగుతూ ఉంటుంది. పంపు ఆగినాక లైన్ చల్లారిందా, మళ్ళీ కదిలించడానికి మొదట ఆ అల్లికను తెంచే ప్రెషర్ కావాల, పైపు తట్టుకునే దానికంటే అది ఎక్కువైతే ఇంక లైన్ చిక్కుకున్నట్టే.

అస్సాంలో నహర్‌కటియా క్రూడ్‌కి ఇంకో దారి పట్టినారు. 95 డిగ్రీల దాకా వేడి చేసి మైనం మొత్తం కరిగించి, తర్వాత లెక్క ప్రకారం చల్లార్చేవాళ్ళు, అప్పుడు స్ఫటికాలు విస్తరించి అల్లుకోకుండా ముద్దలుగా చేరేవి, బీహార్‌లోని బరౌనీ వైపు పోయే లైన్‌లో పారేవి. అదే మైనం, అంతే మైనం, చల్లార్చే తీరు ఒక్కటే మారింది. నాకైతే ఈ పద్ధతి అంటే చానా గౌరవం.

కొండారెడ్డిబురుజు_కుర్రోడు:
చానా థ్యాంక్స్ అన్నా. అట్లయితే ఊరికే 50, 60కి వేడి చేస్తే సరిపోదా, 95 ఎందుకు?

అనంత_ల్యాబ్:
అక్కడే దెబ్బ తింటారు తమ్ముడూ. సగం వేడి చేస్తే మైనం సగమే కరుగుతుంది, చల్లారేటప్పుడు సన్న స్ఫటికాలు లెక్కలేనన్ని పుట్టి ముందుకంటే గట్టిగా బిగుసుకోవచ్చు. అందుకే ల్యాబ్‌కి వచ్చిన శాంపిల్‌ని ముందు ఎంత వేడి చేసినారు, ఎట్లా చల్లార్చినారు అని అడగకుండా పోర్ పాయింట్ రాయం. వేడి కుదరని చోట ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ లాంటి పాలిమర్ కొంచెం కలుపుతారు, దాంట్లో ఒక భాగం మైనంతో పాటు స్ఫటికంలో కూర్చుంటుంది, ఇంకో భాగం అడ్డం పడి పలకని పెరగనీయదు. ఇది కూడా మైనం బయటపడక ముందే, వేడిగా ఉన్నప్పుడే కలపాల. మీ అన్నని ఆ సీసా ఎంత వేడి మీద పట్టినాడో అడుగు.